నా కుడిచేతి వెల

ఈవేళ పొద్దున్నే మా ఇంటి ముందు తాపీవాళ్ళు గుంటలో సున్నం తడిపేరు. ఆ ఘాటు ముక్కుకి తగలగానే నా కుడిచెయ్యి సలపడం మొదలెట్టింది. నవ్వకండి. పదిహేనేళ్ళ కిందట మణికట్టు దాకా పోయిన చెయ్యి అది, సున్నం వాసనకి ఇప్పటికీ సలుపుతుంది. దాని వెంటే కామరాజు పంతులు గారు గుర్తొస్తారు. పోయిన చేతికి వెల కట్టిందీ ఆయనే, మిగిలిన చేతికి అక్షరం నేర్పిందీ ఆయనే. ఆయనకి దణ్ణం పెట్టాలో దుమ్మెత్తి పొయ్యాలో నాకింకా తేలలేదు. అయినా ఒంటిచేత్తో దణ్ణమేమిటి లెండి!

అప్పట్లో రాజోలు వైపు కొత్త కాలువ మీద లాకు కడుతున్నారు. మా నాన్న చేయించిన సొంత పడవలో జొన్నాడ రేవు నుంచి రాయీ సున్నమూ మోసేవాణ్ణి. ఒకనాడు పడవ గట్టుకి కొట్టుకుంది. రాతికీ పడవ అంచుకీ మధ్య చెయ్యి నలిగి పిండయింది. పనిలో దెబ్బ తిన్నవాడికి నష్టం లెక్కగట్టి ఇమ్మని లాకు కట్టించే దొర ఉత్తరువు. ఆ లెక్క కట్టే గుమాస్తా కామరాజు పంతులు గారు. వచ్చే డబ్బుతో నాలుగైదేళ్ళు ఒక మనిషిని జీతానికి పెట్టుకుంటే, ఈలోగా మా పిల్లాడు గడ పట్టే వయసుకొస్తాడు, పడవ నిలుస్తుంది. లేదంటే అమ్ముకోవడమే. నా ప్రాణమంతా ఆ పడవ మీదే ఉంది.

పంతులు గారు నన్ను ఎదురుగా చాప మీద కూచోబెట్టి మజ్జిగ ఇప్పించేరు. ఆ మర్యాదకే నేను కరిగి నీరైపోయేను.

"వీరన్నా, వరదల మూడు నెలలూ పడవ కట్టేస్తావు కదూ?" అనడిగేరు.

"ఆయ్" అన్నాను.

నిజానికి నాకు రెట్టింపు రాబడి ఆ మూడు నెలలే. ఏరు పొంగినప్పుడు మనుషుల్ని దాటించే గుండె ఆ చుట్టుపక్కల నా ఒక్కడికే ఉండేది. కానీ మా వైపు పెద్దవాళ్ళు 'కదూ' అంటే కాదనం. ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు.

"నలభై అయిదు దాటిన పడవవాడు గడ వెయ్యలేడు కదూ?"

"ఆయ్." మా నాన్న అరవైలోనూ వేసేడు.

"మీ ఆవిడ నాట్లకి వెళ్తుందిగా, ఇంట్లోకి అదీ రాబడే."

"ఆయ్."

"ఇక బరువు పని లేదు కనక నీ తిండీ తగ్గుతుంది."

"ఆయ్ అండీ."

"ఇన్నేళ్ళలో సంపాదించబోయేది ఈవేళే నీ చేతిలో పెడుతున్నాం. వడ్డీ మేరకి తగ్గించడం న్యాయం కదూ?"

"తమరు చెప్పేక ఇంకేముందండీ."

నేను ఆయ్ అన్నప్పుడల్లా ఆయన ఒక కోత రాసుకున్నారు. చివరికి మిగిలింది జీతగాడికి ఒక్క ఏడాదికి చాలేంత. నిశానీ గీత గియ్యమంటే అలవాటుగా కుడిచెయ్యే చాచేను. ఆ కట్టు చూసి పంతులు గారు మొహం తిప్పుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ మంగ తల కొట్టుకుంది. "ఆయ్ అనడానికి నోరొచ్చింది గానీ, కాదండీ అనడానికి రాలేదేమయ్యా!" ఏడాది తిరిగేసరికి పడవ అమ్మేను. కొన్నవాడు కట్టుతాడు విప్పుతుంటే చూడలేక మంగ ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. మర్నాటి నుంచి కాలువ గట్టుకి మట్టి మొయ్యడానికి వెళ్ళింది.

అప్పుడు పంతులు గారే కబురంపేరు, లాకు దాటే పడవల్ని రాసుకునే పని ఉందని. నాకు అక్షరమ్ముక్క రాదన్నాను. "నేను నేర్పుతాను, కూచో" అన్నారు. ఎడంచేత్తో రాస్తే చదువులతల్లి అలుగుతుందని ఊరంతా నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. రెండేళ్ళపాటు రోజూ సాయంత్రం ఇసకలో దిద్దించేరు. కూడికలు, గుణకారాలు, చివరికి వడ్డీ లెక్కలు. ఒక్కనాడూ విసుక్కోలేదు. అంత ఓర్పు ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

వడ్డీ లెక్క పట్టుబడిన వారానికే నా చేతి లెక్క నేనే మళ్ళీ కట్టేను. వరదల రాబడి కలిపేను. మా నాన్న వయసు దాకా ఏళ్ళు వేసేను. మంగ కూలి నా లెక్కలోకి లాగలేదు. తిండి కోత కొట్టేసేను, చెయ్యి పోతే ఆకలి పోతుందా? వడ్డీ కోత మాత్రం ఉంచేను, అది న్యాయమే. ఇచ్చినదానికి మూడింతలు పైన తేలింది. ఆ కాగితం తీసుకెళ్ళి పంతులు గారి ముందు పెట్టేను.

ఆయన అడుగుదాకా చదివి, "లెక్క తప్పు లేదు" అన్నారు.

"వరదల్లో నేను పడవ వేస్తానని తమకి తెలీదాండీ?"

"తెలుసు. మా అమ్మాయి పురిటినాడు ఏరు దాటించి మంత్రసానిని తెచ్చింది నువ్వే కదా."

నా ఒళ్ళు భగ్గుమంది. "మరెందుకు అలా రాసేరండీ?"

"ఎక్కువ రాసే గుమాస్తాని దొర ఉంచడు వీరన్నా. నువ్వు కాదంటే ఆ మాటే రాసి దొరకి చూపించేవాణ్ణి. నువ్వు కాదనలేదు." నేలకేసి చూస్తూ అడిగేరు, "నేను నీకు అన్యాయం చేశాననుకుంటున్నావా?"

"ఆయ్" అన్నాను.

జన్మలో నేనన్న ఆయ్‌లలో ఆ ఒక్కదానికే విచారపడను. మర్నాడు సాయంత్రం మళ్ళీ పాఠానికి పిలిచేరు, నేనూ వెళ్ళేను. ఆయన పోయేదాకా ఆ సంగతి మళ్ళీ మా ఇద్దరి మధ్యా రాలేదు. బాకీ అక్షరాలతో తీర్చుకుందామనుకున్నారేమో. తీరలేదు. పడవ పడవే.

ఈవేళ మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. మొన్న పరంజా కూలి నడుం విరిగిన తాపీమేస్త్రీ భార్య. రేపు గుమాస్తా ముందు కూచోవాలిట. ఇలాంటివాళ్ళు నా అరుగు మీదకి వస్తూనే ఉంటారు. వాళ్ళకి నేనే గుమాస్తానై ప్రశ్నలు వేస్తాను.

"వానాకాలం మీ ఆయనకి పనుండదు కదూ?"

"ఆయ్ అండీ" అంది తల వంచుకుని.

ఎడంచేత్తో అరుగు మీద ఫెడీమని చరిచేను. మళ్ళీ అడిగేను. మళ్ళీ ఆయ్ అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చేయి. ఎన్నిసార్లు అడిగేనో లెక్కలేదు. పొద్దు వాలుతుంటే, కొంగు నోట్లోంచి తీసి, నా మొహంలోకి సూటిగా చూసింది.

"కాదండీ. ఇళ్ళు కారేది వానల్లోనే కదండీ. ఆయనకి చేతినిండా పని అప్పుడేనండీ."

ఆ మాట నా నోటికి మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆవిడకి ఒకరోజు ముందే వచ్చింది. మరిచిపోకుండా, ఇంకోసారి అనిపించేను.