విరగని కమాను

నా చిన్నప్పుడు సోలాపూర్‌లో మా దాజీ పేట్ సందులోకి వచ్చే కారు ఒక్కటే ఉండేది. అది డాక్టరు గారిది. ఇద్దరు మాత్రమే పట్టే, పైకప్పు లేని, నేలను రాసుకుంటూ పోయే పచ్చరంగు పాత బండి. పందేల్లో పరుగెత్తించే రకమని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు గానీ మా సందులో అది ఎద్దుబండి వెనక మెల్లగా రావడమే మేం చూశాం. పిల్లలం దానికి ‘డాక్టరు చెప్పు’ అని పేరు పెట్టాం. ఎంత తేలికంటే, కాలువలో చక్రం దిగితే నేత పనివాళ్ళు నలుగురు కలిసి ఎత్తి పక్కన పెట్టేవారు. డాక్టరు గారు మాత్రం అంత తేలిక మనిషి కాదు. ఆయన ఎక్కి కూర్చోగానే బండి కుడివైపుకు కుంగేది, మేం కిసుక్కున నవ్వేవాళ్ళం.

ఆ వేసవిలో మా నాన్న పడుగు చుట్టిన దూలాన్ని ఒక్కడే ఎత్తబోయి నడుము పట్టేసి పడిపోయాడు. మంచం దిగొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పి వెళ్ళారు. సగం నేసిన చద్దరు మగ్గం మీదే ఉండిపోయింది. ఇక ఇల్లంతా అమ్మ మీద పడింది. నీళ్ళు మోయడం, రొట్టెలు కాల్చడం, నాన్నను పక్కకు తిప్పి ఒళ్ళు తుడవడం, పక్కవాళ్ళ మగ్గాలకు కండెలు చుట్టడం, మిగిలిన వేళంతా ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుట్టడం. చంకలో తమ్ముడు. చుట్టిన బీడీలు గంపలో పెట్టుకుని పొద్దున్నే కార్ఖానాకు నడక. సోలాపూర్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడ బతికినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

నాన్నను చూడ్డానికి సందంతా వచ్చింది. నడుము ఎలా ఉందని అడిగేవారు, కాపడం ఎలా పెట్టాలో చెప్పేవారు, వాళ్ళ మేనత్తకు ఇలాగే పట్టేస్తే ఏం చేశారో పూసగుచ్చినట్టు చెప్పేవారు. వాళ్ళందరికీ చాయ్ కాచి ఇచ్చేది అమ్మే. నీకెలా ఉందని అమ్మను అడిగినవాళ్ళు లేరు. తిరుగుతున్న మనిషిని ఎవరు అడుగుతారు? కానీ నేను రోజంతా ఆమె కొంగు పట్టుకుని తిరిగేదాన్ని. రొట్టె పెనం మీద వేసి, అట్లకాడ చేతిలో ఉండగానే అమ్మ కునుకు తీసేది. మాడు వాసనకు ఉలిక్కిపడి లేచేది. తంబాకు దగ్గు ఒకటి పట్టుకుని వదల్లేదు. అమ్మ కూడా మంచం పడితే మా గతి ఏమిటన్న భయం నాకు ఎప్పుడూ ఉండేది. ఆ భయం ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు.

మా మేనమామ, అంటే అమ్మ తమ్ముడు, మొదట పవర్‌లూములు బాగుచేసే పని చేసేవాడు. తర్వాత హోట్గి రోడ్ పక్కన ఒక రేకుల షెడ్డు వేసుకుని బళ్ళు బాగుచేయడానికి దిగాడు. అత్త కాన్పుకు పుట్టింటికి వెళ్ళడంతో ఆ రోజుల్లో ఆయన అన్నం గిన్నె కూడా మా ఇంటి నుంచే వెళ్ళేది. అమ్మకు అది మరో పని.

అప్పుడే డాక్టరు గారి కారుకు వెనక కుడివైపు కమాను విరిగింది. కమాను అంటే ఇనుప పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి విల్లులా వంచిన కట్ట. బండి వెనక భాగం బరువంతా అటొకటి ఇటొకటి ఉండే ఆ రెండింటి మీదే ఆగుతుంది. అలాంటి బండికి సామాను దొరికే రోజులు కావు. లారీ కమాన్లు కాల్చి వంచే కొలిమిలో కొత్తది చేయించాలి. ఎడమదాన్ని కూడా మార్చాలా వద్దా అని మామయ్య తేల్చుకోలేక, నాన్నను చూడ్డానికి వచ్చినప్పుడు మాటల్లో అడిగాడు.

నాన్న మంచం మీద నుంచే నవ్వాడు. “ఏందిర బామ్మర్ది, నేత మర్చినవా? తెగిన పోగునే అతుకుతం గని, మంచిగున్న పోగును తెంపుతమా?”

నేతవాళ్ళింట్లో పుట్టినవాడికి ఆ మాట సబబుగానే తోచింది. మామయ్య విరిగినదాన్ని ఒక్కదాన్నే మార్చాడు. బండి రోడ్డెక్కింది గానీ ఇప్పుడు కుడివైపు లేచి, ఎడమవైపు కుంగి, కుంటుకుంటూ వచ్చింది. మలుపు తిరిగితే వెనక భాగం ఊగిపోతోందని, కాలువలో పడబోయి తప్పించుకున్నానని డాక్టరు గారు మళ్ళీ షెడ్డుకు తెచ్చి దింపారు.

రెండు రోజులకు, ఎడమవైపుకూ కొత్త కమాను తయారై వచ్చాక, నేనూ అమ్మా కార్ఖానా నుంచి వస్తూ మామయ్యకు అన్నం పట్టుకుని వెళ్ళాం. తమ్ముణ్ణి నాన్న పక్కన పడుకోబెట్టి వచ్చాం. మామయ్య బండి వెనక భాగాన్ని జాకీతో ఎత్తి కింద దుంగలు పెట్టి ఉంచాడు. అందులోంచి తీసిన సీటు ఒకటి రేకుల నీడలో పడి ఉంది.

“రెండు నిమిషాలు కూసుంట తమ్మీ, కాళ్ళు గుంజుతున్నయ్,” అంటూ అమ్మ ఆ సీటు మీద కూర్చుంది.

మామయ్య బండి కింద దూరి, తుప్పు పట్టిన బోల్టులను సుత్తితో కొట్టి కొట్టి ఊడదీసి, ఎడమవైపు కమాను బయటికి లాగాడు. గుడ్డతో తుడిచి, ప్రతి పట్టీ మీదా వేలు పెట్టి చూశాడు. ఎక్కడా బీట లేదు. కొలిమి నుంచి కొత్తగా తెచ్చిన జత కమాను దాని పక్కన నేల మీద పెట్టాడు. కొత్తది నిండుగా వంగి ఉంది. పాతది నేలకు దాదాపు బల్లపరుపుగా అయిపోయింది. “ఇది ఇరగలే. ఇరగకుండనే అలిసిపోయింది,” అన్నాడు తనలో తాను.

అక్కకు చూపిద్దామని తల ఎత్తి ఆగిపోయాడు. అమ్మ నిద్రపోతోంది. గంప ఒళ్ళోనే ఉంది, రెండు చేతులూ దాన్ని పట్టుకునే ఉన్నాయి, తల పక్కకు వాలిపోయింది. ఆ దవడ ఎముకలు అంతగా తేలాయని అప్పటిదాకా నేను గమనించనే లేదు. మామయ్య చాలాసేపు చూశాడు.

“మీ అమ్మ ఎప్పటిసంది గిట్ల చిక్కింది?” అని మెల్లగా నన్ను అడిగాడు.

నాయిన పడ్డప్పటి నుంచే అన్నాను. ఒక్కరైనా అడిగారు కదా అని నాకు ఏడుపొచ్చింది. మామయ్య సుత్తి తీసి గోనె మీద చప్పుడు కాకుండా పెట్టాడు. ఆ తర్వాత పనిముట్టు దేన్నీ ముట్టలేదు.

కాసేపటికి బండి అయిందా అంటూ డాక్టరు గారు వచ్చారు. ఆయన గొంతు పెద్దది. మామయ్య ఎదురు వెళ్ళి, “బహీణ్ ఝోప్లీ ఆహే సాహెబ్, థోడం థాంబా,” అన్నాడు మరాఠీలో. అక్క నిద్రపోతోంది, కాస్త ఆగండని. కసురుకుంటారేమోనని నేను బిక్కచచ్చిపోయాను. ఆయన అమ్మ వైపు చూసి, ఒక ఖాళీ డబ్బా మీద కూర్చుని పత్రికతో విసురుకోసాగారు. నీడ జరిగి ఎండ అమ్మ పాదాల మీదికి వస్తే మామయ్య గోనెపట్టా కట్టి అడ్డం పెట్టాడు. అలా ఒక డాక్టరు, ఒక మెకానిక్కు, దుంగల మీద ఒక కారు, నేను, అందరం మా అమ్మ లేచేదాకా ఊరికే కూర్చున్నాం. లేచాక అమ్మ మమ్మల్నందరినీ తిట్టింది, లేపకూడదా అని.

ఆ సాయంత్రం మామయ్య ఆ అలిసిన కమానునూ కొత్తదాన్నీ తోపుడుబండి మీద వేసుకుని మా ఇంటికి తెచ్చాడు. నాన్న మంచం ముందు నేల మీద పక్కపక్కన పెట్టాడు.

“మంచిగున్న పోగు అంటివి గదా బావా. సూడు, ఎంత మంచిగున్నదో.”

నేతగాడి కన్ను కదా, నాన్నకు తేడా తెలియడానికి క్షణం పట్టలేదు. తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

“నీ బరువు గూడ దీని మీదనే పడ్డది,” అన్నాడు మామయ్య. “మనమందరం ఇరిగినదాన్నే సూసుకుంట కూసున్నం. అక్కను సూసినమా?”

పొయ్యి దగ్గర నుంచి అమ్మ ఏదో సర్దిచెప్పబోయి దగ్గు తెర అడ్డుపడి ఆగిపోయింది. దగ్గు ఆగాక నాన్న, “ఆ చేట ఇటియ్యి. నడుము పోయింది గని చేతులు పోలే,” అన్నాడు.

మా సందులో మగవాళ్ళు బీడీలు చుట్టరు. అది ఆడవాళ్ళ పని, నేతగాడు చేట పట్టుకుంటే నామోషీ. నాన్న మర్నాటి నుంచి చూడ్డానికొచ్చేవాళ్ళ ముందే, మంచం మీద పడుకుని, పొట్ట మీద చేట పెట్టుకుని చుట్టాడు. ఆయన చుట్టిన బీడీలు కండెలంత లావుండేవి. సగం కార్ఖానాలో తీసి పారేసేవారు. నవ్వినవాళ్ళు నవ్వారు. అయితే వచ్చిన ఆడవాళ్ళు ఆ తర్వాత ఏదో ఒక పని అందుకోకుండా వెళ్ళలేదు. ఒకరు నీళ్ళు తెచ్చిపెట్టేవారు, ఒకరు తమ్ముణ్ణి ఎత్తుకుపోయేవారు. మధ్యాహ్నాలు అమ్మ పడుకునేది. దగ్గు మెల్లగా తగ్గింది. వానలు పడేసరికి నాన్న మగ్గం ఎక్కాడు.

కారు సంగతా? రెండు పక్కలా కొత్తవి పడ్డాయి. బండిని నేలకు దింపి, డాక్టరు గారిని ఎక్కించి కూర్చోబెట్టి, బరువు పడ్డాకే మామయ్య ఆఖరి బోల్టులు బిగించాడు. ఆ తర్వాత ‘డాక్టరు చెప్పు’ కుంటలేదు, మేం నవ్వడానికి ఏమీ మిగల్లేదు.

ఆ వేసవి నుంచి నాకొక అలవాటు. రోగి ఉన్న ఇంటికి వెళితే ముందు మంచం దగ్గరికి పోను. వంటింట్లోకి పోతాను. అక్కడ నిలబడి ఉన్న మనిషి చేతిలో ఏముంటే అది తీసుకుని, కాసేపు ఒరగమంటాను. వీధిలో కొందరు దీన్ని పెత్తనం అనుకున్నారు. అనుకోనీ.

ఇప్పుడు మా ఆయనకు పక్షవాతం. చూడ్డానికి అందరూ వస్తారు, ఆయన్ను పలకరిస్తారు, అరటిపళ్ళు పెట్టి వెళ్తారు. నేను బాగానే ఉన్నానని నేనూ అంటూనే ఉంటాను, అమ్మలాగే. నిజానికి అలిసిపోయాను. ఇంత అలుపు ఉంటుందని నాకు తెలియదు.

నిన్న పక్కింటి అమ్మాయి వచ్చింది. ఆమె చిన్నతనంలో వాళ్ళ నాన్న మంచం పడితే నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. అప్పుడు ఆ పిల్ల గడప మీద కూర్చుని నన్నే చూస్తూ ఉండేది. నిన్న మా ఆయన మంచం దాటుకుని తిన్నగా వంటింట్లోకి వచ్చి, నా చేతిలోంచి అట్లకాడ తీసేసుకుంది.

“నువ్వు జర పండుకో పెద్దమ్మా. నేనున్న గదా,” అంది.

వద్దనడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. గోడవారగా చాప వేసుకుని పడుకున్నాను. దీపాలు పెట్టే వేళదాకా నన్నెవరూ లేపలేదు.