నీళ్ళలో నిలబడ్డ మక్కాచోళం

మా అత్తకు లోకంలో ఉన్న అన్ని జబ్బులకూ ఒకటే మందు, తిండి. మొహం వాడినా పెడుతుంది, జ్వరమొచ్చినా పెడుతుంది. పెళ్ళయి రాజపాళయం వచ్చిన కొత్తలో నాకు జలుబుతో ముక్కు బిగుసుకుపోతే, ఎదురుగా కూర్చుని ఇడ్లీలు తినిపించింది. ఊపిరి తీసుకోవాలా, నమలాలా తెలియక తికమకపడ్డాను.

అందుకే ఈసారి దీపావళి వానలకు సేత్తూరు దగ్గర మా పొలంలో నీళ్ళు నిలిచి మక్కాచోళం, అదే మొక్కజొన్న, పసుపు తిరిగిందని తెలియగానే, ఆవిడ యూరియా కొనిపించింది. మా ఆయన మిల్లులో షిఫ్టులో ఉన్నాడు. మూట నా స్కూటర్ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని ఇద్దరమే వెళ్ళాం.

పైరును చూస్తే ప్రాణం ఉసూరుమంది. మోకాలెత్తు మొక్కలు, కింది ఆకులన్నీ పాలిపోయాయి. ఇది పోతే మళ్ళీ విత్తడానికి అదను లేదు. అత్త కొంగు బిగించి, నీళ్ళలోనే ఎరువు చల్లడం మొదలుపెట్టింది.

"నిలు అత్తా. ముందు నీళ్ళు ఇడిసి పెడదాము" అన్నాను.

"ఆకలితో వాడిన దానికి తిండి పెట్టవద్దు అంటావా? ఎప్పుడు డాక్టరమ్మ అయినావే?"

నేను చదివింది పదో తరగతే. కానీ ఆవిడ పక్క కొట్లో పూలు బేరమాడుతున్నప్పుడు ఎరువుల కొట్టతను నాకు చెప్పాడు. నీళ్ళు నిలిచిన మట్టిలో గాలి ఉండదట. గాలి లేకపోతే వేరుకు సత్తువ ఉండదు, ఎరువును లోపలికి లాక్కోవాలంటే సత్తువే కావాలి. అందుకని ఉన్న కాస్తా బతకడానికి దాచుకుని, మొక్క తినడం తగ్గించేస్తుందట. చుట్టూ ఎరువున్నా పస్తే.

ఇదంతా చెప్పినా అత్త చెయ్యి ఆగలేదు. నేను వాదన మాని పార పట్టుకుని, గట్టు తెగ్గొట్టి వంకలోకి కాలువ తీయసాగాను. వంగినప్పుడు కనబడింది. కాండం మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన, తెల్లటి చిన్న వేర్లు పొడుచుకొస్తున్నాయి. కిందివి మునిగితే, గాలి తగిలేచోట కొత్తవి వేసుకుంటోంది. అత్తను పిలిచి చూపించాను.

ఆవిడ వేలితో ఒకదాన్ని మెల్లగా తాకింది.

"ఊపిరికి ఎట్ల తన్నుకులాడతా ఉండాది, చూడు" అంది. "ఆ పార ఇట్ల తా."

నాకంటే వేగంగా తవ్వింది. రెండు మూడు రోజులకు నీళ్ళు దిగి, అడుగు దిగబడనంతగా నేల ఆరాకే మిగిలిన ఎరువు వేశాం. పల్లంలో ఒక మూల చచ్చిపోయింది. మిగతా పైరుకు మాత్రం వారం తిరిగేసరికి నడిమి ఆకు పచ్చగా విచ్చుకుంటూ వచ్చింది. అది చూసి అత్త గట్టు మీదే కూర్చుని వెత్తలపాకుకు సున్నం రాసి నోట్లో వేసుకుంది.

అంతలో పక్క పొలం అవ్వ ఎరువు మూటతో వచ్చింది. ఆవిడ మడిలో నీళ్ళు ఇంకా తీయలేదు. అత్త లేచి దారికి అడ్డంగా నిలబడింది.

"ఊపిరి ఆడనిదానికి ఎవరైనా తిండి పెడతారా? ముందు కాలువ తీయవల్ల. మా కోడలు వస్తాది, తీస్తాది."

నన్ను ఒక్క మాట అడగలేదు. పార తీసుకుని ఆ గట్టెక్కాను.