గంటమ్మ కొట్టాల్సిన గంట

మా చెల్లెలి కూతురు గెలిచిన పోట్లాట ఒకటి నేను కళ్లారా చూశాను. కంప్యూటర్లలోకి చొరబడే దొంగల నుంచి దేశాన్ని కాపాడే ఆఫీసులో దానికి ఉద్యోగం. అదే భవనంలో కింది అంతస్తు క్యాంటీన్ నాది. ఆ రోజు మీటింగుకి టీ పట్టుకెళ్లాను. కరెంటు వాళ్లు, నీళ్ల శాఖ వాళ్లు, ఆసుపత్రుల వాళ్లు, పెద్ద కంపెనీల వాళ్లు బల్ల చుట్టూ ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు.

"ఎవరి కంప్యూటర్లలో దొంగ పడ్డా వెంటనే అందరికీ చెప్పాలి. ఏ దారిన వచ్చాడో తెలిస్తే మిగతావాళ్లు ఆ దారి మూసుకుంటారు," అంది మా పిల్ల.

టై కట్టుకున్న కంపెనీ పెద్దమనిషి కస్సుమన్నాడు. "మా పరువేం కావాలమ్మా? ఊరంతా టముకు వేసుకోమంటారా?"

"వేసుకోండి సార్. మీ దగ్గర పడ్డ దొంగే తర్వాత వీళ్ల ఆసుపత్రిలో పడ్డాడు. ఆపరేషన్లు ఆగిపోయాయి. అప్పుడే మీరు నోరు విప్పుంటే ఆగేవా?"

ఆయన గబగబా టీ కప్పు ఖాళీ చేశాడు. నేను కావాలనే ఇంకాస్త పోశాను.

అందరూ ఒప్పుకున్నారు. ఒక్కో శాఖ నుంచి ఒక్కో మనిషి ఒకే హాల్లో కూర్చోవడం మొదలైంది. మా పిల్ల ఆ హాలు గోడకి ఇత్తడి గంట కట్టించింది. ఎవరి దగ్గర దొంగ పడితే వాళ్లే వచ్చి, గంట కొట్టి, జరిగింది చెప్పాలి. అప్పట్నుంచి మా పిల్ల పేరే గంటమ్మ అయిపోయింది. టీ ఇచ్చిన ప్రతివాడికీ "అది మా పిల్లే" అని నేను చెప్పుకోని రోజు లేదు.

దాని సంగతి నాకు తెలియదా! చిన్నప్పుడు కింద పడితే, ఏడవబోయే ముందు ఎవరైనా చూశారా అని చుట్టూ చూసుకునేది.

తర్వాత రెండు గదుల్లో కంపెనీ పెట్టుకున్న అక్కచెల్లెళ్లను పట్టుకుని, వాళ్లతో కలిసి కంప్యూటర్లలో ఉండే కొత్త కాపలా ప్రోగ్రాం ఒకటి తయారు చేసింది. ఏ కంప్యూటర్ తేడాగా నడిచినా అది అరుస్తుంది. అందరికీ అదే పెట్టారు.

నిన్న నీళ్ల శాఖ కంప్యూటర్లు మొరాయించాయి. కాపలా మాత్రం కిక్కురుమనలేదు. హాలంతా ఆ అక్కచెల్లెళ్ల వైపే గుర్రుగా చూసింది.

గంటమ్మ నా స్టోర్ రూములోకొచ్చి చక్కెర బస్తా మీద కూలబడింది.

"తప్పు వాళ్లది కాదు పెద్దమ్మా. కాపలా పరీక్షించేటప్పుడు నేను చేసే దొంగ వేషాలకి నా సీటు దగ్గర ఒకటే అరుపు. గోల భరించలేక, నా కంప్యూటర్ నుంచి ఏం వచ్చినా పట్టించుకోవద్దని దానికి చెప్పాను. పరీక్ష అయ్యాక ఆ మాట తీసేయడం మర్చిపోయాను. దొంగ నా కంప్యూటర్లోంచే నీళ్ల శాఖలోకి దూరాడు."

"ఎవరికైనా తెలుసా?"

"నీకు తప్ప ఎవరికీ తెలీదు. నేను నోరు మూసుకుంటే ఆ అక్కచెల్లెళ్లని పంపేస్తారు. దొంగ అదే దారిన ఇంకోచోట దూరతాడు. కానీ ఆ టై ఆయన పైన హాల్లోనే కూర్చున్నాడే!"

నాకూ తల కొట్టేసినట్టయింది. అందరి దగ్గరా దాని గురించి అంత డప్పు కొట్టుకున్నాను మరి.

"ఛీ, లే. మొహం కడుక్కో," అన్నాను.

కడుక్కుంది. నా కొంగుకే తుడుచుకుంది.

"గంట నేనే కొడతాను. నువ్వు నా వెనకే వచ్చి హాలు తలుపుకి అడ్డంగా నిలబడు పెద్దమ్మా. మధ్యలో వెనక్కి తిరిగానంటే, ఎంత బతిమాలినా సరే, నాకు దారివ్వకు," అంది.