బాబాయిగారి గిన్నె అడుగు

ఈ బరువు మోస్తూ ఇన్నేళ్ళు రాయలేకపోయానంటే, నాకు రాయడం రాక. నిజంగానే వచ్చేది కాదు. మా నాన్న లక్కబొమ్మలు చేసేవాడు. ఆయన ఉలి పట్టుకుంటే, చెక్క తిరగడానికి తాడు లాగడం నా పని. బడికి వెళ్ళే వయసంతా ఆ తాడుకే పోయింది, తర్వాత ఉలికి. ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో, మనవరాలు ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్తుంటే, వెనక కూర్చుని దానితోపాటు దిద్దుకున్నాను. కానీ అక్షరాలు వచ్చి కూడా చాలాకాలమైంది. మరి ఎందుకు రాయలేదు? ఆ సాకు కూడా అయిపోయింది కనక మీకు చెప్తున్నాను.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. బాబాయిగారూ అని పిలిచేదాన్ని. రిటైరయ్యాక గరాజ్‌లో కర్రని తిప్పే లేత్ మిషన్ పెట్టుకుని చెక్క గిన్నెలు చేసేవారు. మా అమ్మాయి, అల్లుడు ఆఫీసులకి వెళ్ళాక నేను అక్కడికి పోయేదాన్ని. ఈ దేశంలో నాకు తెలిసిన వాసన అదొక్కటే, అప్పుడే చెక్కిన కర్ర వాసన. నా పని చూసి ఆయన తన ఉలి నా చేతికిచ్చారు.

తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. మందు మార్చాక కాస్త నిలకడ వచ్చింది. అప్పుడు పెరట్లో కూలిన మేపుల్ దుంగతో పెద్ద గిన్నె ఒకటి మొదలుపెట్టారు. బయటా లోపలా అంతా తనే చెక్కారు. ఇది సరిగ్గా వస్తే లేత్ ఉంచుకుంటాను, లేకపోతే మానేస్తాను అని వాళ్ళావిడ పిన్నిగారితో అన్నారు. ఇక మిగిలింది అడుగు. గిన్నెని లేత్‌కి బిగించడానికి కింద చిన్న దిమ్మ వదులుతారు. చివర్లో గిన్నెని బోర్లించి బిగించి ఆ దిమ్మని చెక్కేయాలి. అప్పుడు పట్టు తక్కువ. గిన్నె జారి ఎగిరితే తను ఆపలేనని ఆ పని నాకిచ్చారు.

"అడుగు ఫినిష్ చేసి పెట్టమ్మాయ్. నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళొస్తా. గిన్నె బల్లమీద ఊగిందనుకో, మీ పిన్ని పులిహోర దొర్లిపోతుంది. ఆ తిట్లు నువ్వే తినాలి."

"పిన్నిగారి తిట్లు నాకు కొత్తా బాబాయిగారూ?"

"ఎంతవరకు చెక్కాలో దిమ్మమీద టేప్ అంటించి తెలుగులోనే రాశాను. చదివావుగా?"

"ఆ, చదివానండీ."

చదవలేదు. నాకు చదువు రాదని ఆయనకి తెలియదు. ఆ గరాజ్‌లో నేను పనితనం ఉన్న మనిషిని. అది తెలిస్తే ఆ గౌరవం ఏమవుతుందోనని నా భయం. ఆయన ఏమీ అనుకునేవారు కాదు. ఆ సంగతి అప్పుడే తెలుసా నాకు? తెలుసనే అనుకుంటాను. అయినా టేప్ పీకి పారేశాను. కొలవనూ లేదు. మా ఇంట్లో బొమ్మని చివర్లో కర్రనుంచి కోసి తీయడమే తప్ప బోర్లించి చెక్కడం లేదు, అందుకని లోపల ఎంత ఖాళీ ఉందో చూసుకునే అలవాటు నా చేతికి లేదు. దిమ్మ పోయింది. అక్కడ ఆగాలి. ఊగకుండా మధ్యలో కాస్త పల్లం చేద్దామని ఇంకొంచెం, ఇంకొంచెం చెక్కాను. చప్పుడు పలచబడింది, చెక్క అయిపోతోందని. విన్నాను. ఆగలేదు. అడుగుకి చిల్లు పడింది.

ఆయన తిరిగొచ్చి గిన్నె చేతిలోకి తీసుకున్నారు. చిల్లులో వేలు పెట్టారు.

"ఏమైందమ్మాయ్?"

"లోపల మీరే ఎక్కువ లోతు తీసేశారు బాబాయిగారూ. అడుగున చెక్క మిగల్లేదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆయన కొలిచి చూడలేదు. నామీద అంత నమ్మకం. తన చేతులకేసి చూసుకుని, "అవునా? నాకు తెలియనే లేదు," అన్నారు.

మళ్ళీ లేత్ ముట్టుకోలేదు. ఆయన పోయేదాకా నిజం చెప్పడానికి రోజూ వీలుంది. నోటితో చెప్పడానికి అక్షరాలెందుకు? గిన్నె పోయినందుకు నాకింత సిగ్గు లేదు. దుంగలో ఇంకా చెక్క ఉంది. తన చేతులమీద ఆయనకి మిగిలిన కాస్త నమ్మకాన్ని, నా పరువు కోసం నేను తీసేశాను. క్షమించమని అడగడానికి ఆయన లేరు. రాస్తుంటే గుండెల్లో ఏదో కొంచెం సడలింది. ఆ కొంచెమైనా నాకు తగునా?

చెప్పాల్సింది ఇంకొక్కటి మిగిలింది. గిన్నెకి చిల్లు పడ్డ మర్నాడు పొద్దున బాబాయిగారు మా తలుపు తట్టారు. ఉలులన్నీ తువ్వాలులో చుట్టి తెచ్చారు. "నా చేతికి ఇంక ఇవి వద్దమ్మాయ్. నీ దగ్గరైతే పనికొస్తాయి," అన్నారు. రెండు చేతులా అందుకున్నాను. లోపలికి తీసుకెళ్ళి, ఒక్కొక్కదాని పదును బొటనవేలితో చూసుకున్నాను.