చుక్క నీళ్లు లేకుండా

మాదాపూర్‌లో మేము కిరాయికున్న ఇంటి బావి ఎండిపోయిన రోజు నుంచి మా అత్తగారు నీళ్లు తాగడం, నీళ్లతో వండినదేదైనా ముట్టడం మానేశారు. పెద్ద భవనాల కోసం పక్కనే రోజూ మధ్యాహ్నం బండలు పేల్చేవారు. ఆ అదుర్లకు అడుగున ఎక్కడ పగిలిందో, బావిలో నీళ్లు ఇంకిపోయాయి. ఇక ట్యాంకరే గతి. ఎవరెవరు ముట్టుకున్నారో తెలియని ఆ గొట్టం నీళ్లు మడికి పనికిరావని ఆవిడ పట్టు. వాటితో స్నానం మాత్రం నిక్షేపంగా చేసేవారు. ఒంటికి పనికొచ్చిన నీళ్లు గొంతుకెందుకు పనికిరావో అడగాలని నాకు నోటిదాకా వచ్చేది.

పాలు, అరటిపళ్లు, కొబ్బరినీళ్లతో నెట్టుకొస్తుండగా జ్వరం తగిలింది. జ్వరం పోయింది గానీ మనిషి తేరుకోలేకపోయారు. ఒకరోజు పెరట్లో కూలబడిపోతే నేనే ఎత్తి తెచ్చాను. నా చేతుల్లో బరువే తెలియలేదు. ఆ రోజు నిజంగా భయపడ్డాను. వేడిగా ఏదైనా తినకపోతే, నీళ్లు తాగకపోతే కష్టమని డాక్టరు చెప్పాడు. మా ఆయన ఎంతో బతిమాలారు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఈవిడ చేత తినిపించకపోతే నేను ఆ ఇంటి కోడలినే కాదనుకున్నాను.

పాలతో, నేతితో చేసినదానికి మైల అంటదని ఆవిడే చెబుతుండేవారు. ప్రయాణాల్లో పాలతో కలిపిన పిండితోనే పూరీలు చేసుకునేవారట. సరే, చుక్క నీళ్లు లేకుండా వండుతాను, ఎలా కాదంటారో చూస్తాను. తోపుడుబండి మీద రెండు అనాసపళ్లు కొన్నాను. తలస్నానం చేసి పట్టుచీర కట్టుకున్నాను. మడికి నూలుచీరలా పట్టును తడిపి ఆరేసే పనిలేదు. నేతిలో లవంగాలు వేయించి, బెల్లం వేసి, ఆపైన ఒక పండు ముక్కలు వేశాను. ముక్కల్లో రసం ఊరేలోపే బెల్లం అడుగంటి మాడిపోయింది.

ఆ వాసనకు మాకు ఇల్లు కిరాయికిచ్చినావిడ వంటింటి కిటికీ దగ్గరికి వచ్చింది. మా మడి సంగతి తెలుసు కనుక లోపలికి రాదు.

"ఏందమ్మా, ఇల్లు కాలవెడ్తున్నవా?"

సంగతంతా చెప్పాను.

"గట్ల కాదు. ముందుగాల ముక్కలకు జర బెల్లం పట్టిచ్చి ఇడువు. నీళ్లు అవే ఇడుస్తయ్. సన్నమంట మీద వెట్టి, మూత మీద నీళ్లు వొయ్యి. మిగిలిన బెల్లం ఆఖర్ల ఎయ్యి." పోబోతూ ఆగింది. "మిర్యాలు జర ఎక్కువనే ఎయ్యి. జరమొచ్చిన నోరు గదా."

రెండో పండు తన రసంలో తానే ఉడికింది. శొంఠి, యాలకులు వేశాను. మిరియాలు ఆమె చెప్పినదానికన్నా ఇంకాస్త ఎక్కువే వేశాను, తెలిసే వేశాను. కొబ్బరిబోండాం ఆ పూట తేనేలేదు.

పొగలు కక్కుతున్న గిన్నె మంచం దగ్గర పెట్టాను.

"నీళ్లు పోశావా?"

"మూత మీద పోశానండి. లోపల చుక్క లేదు."

"మడి కట్టుకున్నావా?"

"పట్టుచీర ఒంటిమీదే ఉంది, చూడండి. మీరు తినేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

ఆవిడ చాలాసేపు గిన్నెలోకే చూశారు. తర్వాత ఒక ముక్క నోట్లో వేసుకున్నారు, ఇంకొకటి వేసుకున్నారు. బయట బండ పేలింది. గిన్నె అదిరితే ఆవిడ రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అడుగున మిగిలిన పాకం కూడా వేలితో తీసుకుని తిన్నారు. అప్పటికి నుదుటి మీద చెమట పట్టింది, ముక్కు ఎర్రబడింది. చిన్నగా పొలమారింది.

"మంచినీళ్లియ్యవే."

"ట్యాంకరు నీళ్లే ఉన్నాయండి."

"తెలుసు. మిరియాలు అన్నెందుకు వేశావో కూడా తెలుసు. ముందు ఆ నీళ్లియ్యి."