పొయ్యి మీద దాచిన సీడీ

మా అక్కను మేం అప్ప అంటాం. చింతూరు ఆసుపత్రిలో నర్సుగా చేసేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అరకులో ఒక కాఫీ కొనుగోలు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. మా ఊరికి ఫోన్ లేదు. అందుకని అప్ప భద్రాచలం వెళ్లినప్పుడల్లా నెట్ సెంటర్లో కూర్చుని, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో నాకు మెయిల్ రాసేది. సంతరోజు అమ్మ కొండ దిగి, చింతపండు అమ్ముకుని, ఆఫీసుకు వచ్చేది. నేను చదివితే వినేది. నచ్చింది మళ్లీ చదవమనేది.

నెట్ ఫోన్ లైను మీదే వచ్చేది, వానొస్తే అదీ పోయేది. అందుకే మా మెయిల్ ప్రోగ్రాం లైను తగలగానే అన్నింటినీ కంప్యూటర్లోకి దింపుకుని, అవతల సర్వర్లో చెరిపేసేది. వచ్చినవన్నీ ఒకే ఫైల్లో పేరుకునేవి. కాఫీ ధరలు, పై ఆఫీసు చీవాట్లు, వాటి మధ్యలో మా అప్ప.

ఆ వానాకాలం అప్పకు జ్వరం తలకెక్కింది. ఊరందరి జ్వరాలకూ మందిచ్చిన మనిషి జ్వరంతోనే పోయింది. ఆమె పాస్‌వర్డ్ కూడా ఆమెతోనే పోయింది. మాకు మిగిలింది ఆఫీసు కంప్యూటర్లోని ఆ ఫైలొక్కటే.

విశాఖ నుంచి వచ్చిన మెకానిక్‌ని బతిమాలి అప్ప మెయిళ్లన్నీ సీడీలోకి ఎక్కించుకున్నాను. నా గదిలో గోడలకు కూడా బూజే. అందుకని అమ్మ చేతికిచ్చాను.

"అప్ప మాటలన్నీ ఇందులో ఉన్నాయమ్మా. జాగర్తగా దాయి."

మా ఊళ్లో జాగ్రత్త అంటే ఒకటే చోటు. వచ్చే ఏటి విత్తనాన్ని పొయ్యి పైన కట్టిన వెదురు తడక మీద పెడతాం. పొగ తగిలితే పురుగు పట్టదు, చెమ్మ చేరదు. చోడి, అంటే రాగి, విత్తనం పోసిన సొరబుర్ర పక్కనే అమ్మ ఆ సీడీనీ పెట్టింది. అంతకంటే శ్రద్ధగా ఎవరు దాస్తారు?

వేసవిలో పిడుగు పడి ఆఫీసు కంప్యూటర్ కాలిపోయింది. సీడీ ఉంది కదా అని నేను ధీమాగానే ఉన్నాను. కొత్త కంప్యూటర్ వచ్చాక అమ్మకు కబురు పెట్టాను. విత్తులు చల్లే ముందు సంతకు ఆమె దాన్ని అడ్డాకులో చుట్టి తెచ్చింది. విప్పి చూస్తే మసి. వేడికి అంచు వంగిపోయింది. తుడిచి పెట్టాను. కంప్యూటర్ కాసేపు గరగరలాడి దాన్ని బయటికి నెట్టేసింది.

"ఇంకోపాలి పెట్టు," అంది అమ్మ.

పెట్టాను. మళ్లీ అంతే.

"పాడైపోనాదా?"

"పోనాదమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. పిడుగు మీదా, పొయ్యి మీదా, దింపుకోగానే చెరిపేసే ఆ ప్రోగ్రాం మీదా?

ఆమె సీడీని మళ్లీ అదే ఆకులో చుట్టి కొంగున కట్టుకుంది.

"ఇత్తనం పోతే పక్కూరోళ్లని అడిగి తెచ్చుకుంటాం. దీన్నెవర్ని అడగాలి, నాయినా?"