పిడుగుకు పోయిన కంప్యూటరుతో రాయచూరు దాకా

మాది కర్ణాటకలో సింధనూరు దగ్గర ఆంధ్రావాళ్లు కట్టుకున్న ఒక క్యాంపు. కాలువ కింద వరి పండించుకుందామని మా నాన్న గోదావరి వైపు నుంచి ఇక్కడికి వచ్చాడు. మా కోడలు సునీత ఇంట్లోనే మగ్గం పని చేస్తుంది. జాకెట్ల డిజైన్లు కంప్యూటరులో గీసి, కాగితం మీద తీసి, గుడ్డకు దించుతుంది. మొన్న వేసవి వానకు దగ్గరలో పిడుగు పడి ఆ కంప్యూటరు పోయింది. సింధనూరులో చూపిస్తే ఇక బాగుపడదన్నారు. ఇన్నేళ్లు గీసినవన్నీ అందులోనే పోయాయని సునీత సూది ముట్టుకోలేదు. పెళ్లివారి జాకెట్లేమో సగంలో ఉన్నాయి. మా అబ్బాయి వరికోత మిషను మీద బళ్లారి వైపు వెళ్లాడు. మనవరాలికి జ్వరం, సునీత కదలలేదు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. అయినా నేనే బయలుదేరాను.

తెర బాగానే ఉంది కాబట్టి ఇంట్లో ఉంచాను. పాత కంప్యూటరు డబ్బా ఇస్తే ధర కొంత తగ్గిస్తారని గోనెసంచిలో కట్టుకున్నాను. పొద్దున ఏడింటికి మాన్వి మీదుగా వెళ్లే బస్సు ఎక్కాను. రాయచూరుకు రెండున్నర గంటలు, టికెట్టు నూరు దాటింది. ఆడవాళ్లకైతే ఆధారు కార్డు చూపిస్తే చాలు, ఉచితం. కండక్టరు సంచి కాలితో తట్టి, "ఏనజ్జా, కోళి ఏన్?" అని కోళ్లేమోనని అడిగాడు. "కంప్యూటరు" అన్నాను. బస్సంతా నవ్వింది.

రాయచూరులో దిగి అడిగితే బజారు సందులో పాత కంప్యూటర్లు అమ్మే ఖాజా దుకాణం చూపించారు. నా దగ్గరున్నది ఎనిమిది వేలు. ఖాజా ఏడున్నర వేలకు ఒకటి చూపించాడు. బొమ్మలు చకచకా వస్తున్నాయి. నేను దాని మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

"ఆపండి బాబూ. చల్లారాక చూస్తాను."

"ఎందుకు పెద్దాయనా?"

"పాత ట్రాక్టరు కొనేటప్పుడు మేం సైలెన్సరు ముట్టుకుంటాం. వేడిగా ఉంటే బేరం ఆపేస్తాం. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయితేనే బండి."

ఖాజా పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరె, గిది డీజిల్ బండి గాదు పెద్దాయనా! సరే, బంద్ చేస్తున్న. గంట కూసుంటవా?"

కూర్చున్నాను. భోజనానికి లేస్తే మిషను మళ్లీ వేస్తాడేమోనని కదల్లేదు. ఊరికే ఉండలేక ఖాజానే చాయ్ తెప్పించి, నా సంచి విప్పాడు. పాతదానికి మూడు వందలు తగ్గిస్తానన్నాడు. సరేనన్నాను. డబ్బా మూత తీసి, ఆగాడు.

"గిందుల పని ఏమన్న ఉండెనా?"

"మా కోడలి డిజైన్లు. పోయినయ్యంట."

"ఎవరన్నరు? బోర్డు కాలింది. పనంత దాసుకునే డిస్క్ వేరే ఉంటది. ఉండు చూద్దం."

ఆ చిన్న పెట్టె ఊడదీసి ఇంకో మిషనుకు తగిలించాడు. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత తెర నిండా నెమళ్లు, మామిడి పిందెలు, తామర తీగలు. వెంటనే ఇంటికి ఫోను చేస్తే సునీత, "దొరికిందా మావయ్యగారూ?" అంది.

"నీ నెమళ్లున్నయ్యమ్మా. అన్నీ ఉన్నయ్."

సునీత ముక్కు ఎగబీల్చి, "అన్నం తిన్నారా?" అంది.

తిన్నానని అబద్ధం చెప్పాను.

ఖాజా మొదట చూపించిన మిషను చల్లగా ఉన్నా ఒక్కసారికే అందుకుంది. "ఇప్పుడు దిల్ ఖుష్ అయ్యిందా?" అని ఖాజా మళ్లీ నవ్వాడు. డిజైన్లన్నీ అందులోకి ఎక్కించాడు. పాతదానికి తగ్గిస్తానన్న మూడు వందలు ఆ పనికి పట్టుకుంటానన్నాడు. నేను బేరం చేయలేదు. బస్టాండు పక్క ఖానావళిలో జొన్నరొట్టె, గుత్తివంకాయ తిన్నాను. ఎనభై రూపాయలు. వడ్డించే ఆమె, "ఇన్నొంద్ హాక్లా అజ్జా?" అంటే ఇంకోటి వేయించుకున్నాను. చీకటి పడకముందే ఇల్లు చేరాను.

నేను వెళ్లింది ఒక మిషను కోసం. దాన్ని నమ్మక కూర్చున్నాను గనుకే ఖాజాతో మాటా మాటా కలిసింది. లేకపోతే డబ్బులిచ్చి, పాతది పడేసి వచ్చేసేవాణ్ని, సునీత మళ్లీ మొదటి తీగ నుంచి గీసుకునేది. ఆ రాత్రి ఆమె మగ్గం ముందు కూర్చుంటే పిల్ల పక్కన నేను పడుకున్నాను. మీరూ పాత కంప్యూటరు మార్పుకు ఇచ్చే పనైతే, లోపలి డిస్క్ ఊడదీయించి చూపించుకోకుండా దాన్ని చేతులు మార్చకండి.